అరీనా ఎలా కడతారు, ఎన్ని రకాలుగా వాడతారు: విజయనగరం, శ్రీకాకుళం నిర్వాహకులు తరచుగా అడిగే ప్రశ్నలు

నాటక సమాజాలు, ఉత్సవ కమిటీలు, కళాశాలల సాంస్కృతిక విభాగాలు, క్రీడా సంఘాలు పెద్ద ఇండోర్ స్టేడియం అద్దెకు తీసుకునే ముందు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. లెక్కలన్నిటికీ ఒకే నమూనా హాలు తీసుకున్నాం: పొడవు 60 మీటర్లు, వెడల్పు 40, ఎత్తు 12, పైన కలర్ షీట్ కప్పు, కింద చదును నేల. మీ హాలు కొలతలు వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి మాత్రం అదే.

అరీనాకీ ఆడిటోరియానికీ తేడా ఏమిటి?

ఆడిటోరియంలో జనం ఒక వైపు కూర్చుంటారు, వేదిక ఎదురుగా ఉంటుంది. అరీనాలో ఆట మధ్యలో, జనం చుట్టూ. మనకు ఈ ఆలోచన కొత్తది కాదు. బరి, గోదా అనే మాటలు చెప్పేది ఇదే. లాటిన్‌లో ‘హరేనా’ అంటే ఇసుక. రోమన్లు పోటీ జరిగే నేల మీద ఇసుక పోసేవారు కాబట్టి ఆ పేరే కట్టడానికి నిలిచిపోయింది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి ఇటుక మెట్ల క్రీడారంగం తవ్వకాల్లో బయటపడింది. ఆ లోయ మునిగిపోయే ముందు దాన్ని అనుపు దగ్గర తిరిగి నిర్మించారు. మధ్యలో ఖాళీ, చుట్టూ మెట్లు, అదే అరీనా.

తేడా ముఖ్యంగా తెలిసేది చెవికి. ఆడిటోరియాన్ని వినడానికి కడతారు, అరీనాను చూడడానికి కడతారు. చూడడానికి కట్టినచోట వినిపించాలంటే పడే తిప్పలే ఈ పేజీలో సగం.

ఒకే కట్టడం ఇన్ని పనులకు ఎందుకు వాడతారు? మొదటినుంచీ ఇంతేనా?

మొదటినుంచీ ఇంతే. రోమ్‌లోని కొలోసియం క్రీ.శ. 80లో ప్రారంభమైంది. 188 మీటర్ల పొడవు, 156 మీటర్ల వెడల్పు గల దీర్ఘవృత్తం అది. నేల కింద గదులూ సొరంగాలూ తర్వాత డొమిషియన్ చక్రవర్తి కాలంలో తవ్వారు. వాటితో జంతువులను, సెట్టింగులను కింద నుంచి పైకి లేపడం సాధ్యమైంది, కానీ నేలను నీళ్ళతో నింపడం ఇక కుదరలేదు. ఒక సౌకర్యం పెడితే ఇంకొకటి పోతుందన్న సూత్రం అప్పుడే రుజువైంది. ఆటలు ఆగిపోయాక అదే కట్టడం ఇళ్ళుగా, పనివాళ్ళ దుకాణాలుగా, కోటగా, చివరికి రాళ్ళ క్వారీగా కూడా పనికొచ్చింది.

ఇటలీలోని వెరోనా అరీనా మొదటి శతాబ్దానిది. 1117 భూకంపంలో బయటి వలయం దాదాపు అంతా కూలి నాలుగు కమానులు మాత్రం మిగిలాయి. 1913 నుంచి అక్కడ ఒపెరా ఆడుతున్నారు. వేదికను ఒక చివర వేస్తారు, దాని వెనక మెట్లు సెట్టింగులో కలిసిపోతాయి. ప్రేక్షకుల సంఖ్య తగ్గినా పర్లేదనుకున్నారు. మన నిర్వాహకులకు అక్కడ నేర్చుకోవలసింది ఇదే: నాలుగు వైపులా టికెట్లు అమ్మకండి.

మన ప్రాంతపు కళలు అరీనాకు సరిపోతాయా?

కొన్ని సరిపోవడమే కాదు, ఆడిటోరియంలో కంటే అరీనాలోనే బాగుంటాయి. తప్పెటగుళ్ళు చూడండి. కళాకారులు గుండె మీద తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని వలయంగా తిరుగుతూ ఎగురుతారు. దాన్ని ఒకవైపు వేదిక మీద పెడితే వలయంలో వెనక సగం కనబడదు. మధ్య నేల మీద ఆడించి చుట్టూ జనాన్ని కూర్చోబెట్టండి, వేదిక ఖర్చు కూడా మిగులుతుంది. కోలాటానికీ ఇదే మాట.

సర్కస్ కూడా అలాంటిదే. 18వ శతాబ్దంలో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ స్థిరపరచిన వలయం వ్యాసం 42 అడుగులు. పరుగెత్తే గుర్రం మీద నిలబడిన మనిషికి అపకేంద్ర బలం సరిపడా అందే కొలత అది, నేటికీ అదే చెల్లుతోంది. వీరఘట్టంలో పుట్టి సర్కస్ కంపెనీ నడిపిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి పేరే శ్రీకాకుళం స్టేడియానికి పెట్టారు. అరీనాకు అంతకంటే తగిన పేరు దొరకదు.

తూర్పు భాగవతం సంగతి వేరు. మద్దెల, తాళం, మాట దగ్గరగా వినబడాలి. 300 మంది దాటితే దాని రుచి పోతుంది. పెద్ద హాలే దిక్కయితే ఒక మూలను తెరలతో వేరుచేసి అక్కడ ఆడించండి. ఇక పద్యనాటకం, సాంఘిక నాటకం పక్కా ఒకవైపు వేదిక కళలు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ లాంటి నాటకంలో ప్రాణమంతా మాటలోనే ఉంది. ఒక్క మాట జారినా నవ్వు పోతుంది.

సిరిమాను సంగతేమిటని కొందరు అడుగుతారు. పైడితల్లి సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగేటప్పుడు వీధి మొత్తం అరీనా అవుతుంది, ప్రదర్శనే జనం మధ్య నుంచి కదులుతుంది. ఆ సూత్రాలు వేరు, ఇక్కడ చెప్పే లెక్కలు దానికి పనికిరావు.

ఖాళీ హాల్లో మైకు పెడితే మాట గుండ్రంగా తిరుగుతుంది. జనం వస్తే సర్దుకుంటుందా?

కొంత సర్దుకుంటుంది, పూర్తిగా కాదు. ఎంతో లెక్కేసి చూద్దాం.

సాబైన్ సూత్రం: ప్రతిధ్వని ఆగే సమయం (సెకన్లలో) = 0.161 × హాలు ఘనపరిమాణం ÷ మొత్తం ధ్వని శోషణ. మన నమూనా హాలు ఘనపరిమాణం 28,800 ఘనపు మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిపి 7,200 చదరపు మీటర్లు. సిమెంటు, షీట్, గాజు లాంటి గట్టి ఉపరితలాలకు సగటు శోషణ గుణకం (తాకిన శబ్దంలో ఎంత వంతు మింగుతుందో) 0.08 అనుకుంటే మొత్తం శోషణ 576 చదరపు మీటర్లు. అంటే ప్రతిధ్వని సుమారు 8 సెకన్లు. ‘రామా’ అన్న మాట చెదిరేలోగా ఇంకో పద్యపాదం అయిపోతుంది.

2,500 మంది కూర్చుంటే ఒక్కొక్కరు 0.45 చదరపు మీటరు శోషణ ఇస్తారు. అంటే ఇంకో 1,125 కలిసి 1,701 అవుతుంది. ప్రతిధ్వని 2.7 సెకన్లకు దిగుతుంది. మాటకు కావలసింది 1 నుంచి 1.2 సెకన్లు. కప్పు కింద సగభాగంలో, అంటే 1,200 చదరపు మీటర్లలో, గుడ్డ కప్పిన 50 మిల్లీమీటర్ల రాక్‌ఊల్ (రాతి నార) పలకలు బిగిస్తే 1.8 సెకన్లకు వస్తుంది. ఈ పలకలు నేరుగా షీటుకు అంటించకండి, కొంచెం కిందికి వేలాడదీయండి. తక్కువ స్వరాలను కూడా పట్టుకుంటాయి, ఎండకు షీటు వేడెక్కితే జిగురు ఊడే బెడదా ఉండదు.

ఇక్కడ ఒక చిత్రం. పద్యం పాడే నటుడికి 2 సెకన్ల ప్రతిధ్వని అడ్డం కాదు, పాదం చివర రాగం తీసేటప్పుడు హాలే శ్రుతి పట్టినట్టుంటుంది. అదే నటుడు వచనంలోకి దిగగానే మాటలు ముద్దయిపోతాయి. అందుకే సౌండ్ చెక్ పద్యంతో చేయకండి. వేగంగా మాట్లాడే హాస్య సన్నివేశంతో చేయండి.

ఇంకో ముఖ్యమైన మాట. సాయంత్రం ఖాళీ హాల్లో చెక్ చేసి శబ్దం తగ్గించి పెట్టుకుంటారు. రాత్రి జనం వచ్చాక ఎత్తు స్వరాలను బట్టలు మింగేస్తాయి, వెనకవాళ్ళకు ఏమీ వినబడదు. చెక్ నాటి సెట్టింగు ఒకటి, జనం వచ్చాక ఒకటి అని రెండు రాసి ఉంచుకోండి.

ప్రపంచంలో పేరున్న హాళ్ళకు కూడా ఈ సమస్య ఉందా?

లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ 1871 మార్చి 29న ప్రారంభమైంది. మిలిటరీ ఇంజినీర్లు ఫౌక్, స్కాట్ గీసిన దీర్ఘవృత్తాకార కట్టడం, పైన ఇనుప చట్రం మీద గాజు గోపురం. మొదటి రోజు నుంచీ ప్రతిధ్వనే. ఆ గోపురం అద్దంలా శబ్దాన్ని తిప్పి ఒకచోట పోస్తుంది కాబట్టి సంగీతకారుల స్వరాలు రెండోసారి వినిపించేవి. కాన్వాసు తెర వేలాడదీశారు, కొంత మేలే గానీ పోలేదు. 1969లో కప్పు కింద పుట్టగొడుగుల్లాంటి ఫైబర్‌గ్లాస్ పళ్ళేలు వేలాడదీశాకే దారికొచ్చింది. మొదట 135 ఉండేవి, 2001లో కొన్ని తీసేసి 85 చేశారు.

దీర్ఘవృత్తం, గోపురం చూపుకు బావుంటాయి, చెవికి పనికిరావు. కొత్త హాలు కట్టేవారెవరైనా గుండ్రటి కప్పు అడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచించమనండి. ఆ హాల్లోనే మారథాన్ పరుగు, బాక్సింగ్, టెన్నిస్, 1991లో సుమో కూడా జరిగాయి. వాటికి ప్రతిధ్వనితో ఇబ్బందే లేదు, చప్పట్లు ఇంకా జోరుగా వినిపించాయి.

వెనకవాళ్ళకు మాట రెండుసార్లు వినిపిస్తుంది. సౌండ్ సెట్ మంచిదే. ఎందుకు?

బాక్సులు మంచివే, సమయమే కుదరలేదు. మన వేడికి గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది. వేదిక బాక్సులకు 25 మీటర్ల దూరంలో ఇంకో జత బాక్సులు పెడితే కరెంటు తీగలో సిగ్నల్ వెంటనే వచ్చేస్తుంది, వేదిక శబ్దం మాత్రం 72 మిల్లీసెకన్ల తర్వాత చేరుతుంది. రెండూ వేరువేరుగా వినబడతాయి.

మందు ఇది: వెనక బాక్సులకు డిలే, అంటే శబ్దాన్ని కాస్త ఆలస్యంగా వదిలే సెట్టింగు, పెట్టాలి. 72కు 10 నుంచి 15 మిల్లీసెకన్లు కలిపి 82–87 పెట్టండి. ముందొచ్చిన శబ్దం ఏ వైపు నుంచి వస్తే ఆ వైపే మనసు వింటుంది, కాబట్టి మాట వేదిక నుంచే వస్తున్నట్టనిపిస్తుంది. దూరం టేపుతో కొలవండి, అంచనా వద్దు. వెనక బాక్సుల శబ్దం ముందువాటికంటే తక్కువే ఉండాలి. చాలామంది వెనకవాళ్ళు వినబడడం లేదంటే అవే పెంచుతారు. అప్పుడు మధ్యలో కూర్చున్నవారికి నరకం.

వేదికను ఎక్కడ వేయాలి? పొడవు చివరా, పక్కనా?

నాటకానికైతే పొడవు గోడ పక్కన, మధ్యలో. పొడవు చివర వేస్తే ఆఖరు వరుస వేదికకు 50 మీటర్ల దూరంలో ఉంటుంది. ముఖంలో కవళికలు 20–25 మీటర్లు దాటితే కనబడవు. పొడవు గోడకు వేస్తే ఎదురుగా ఆఖరు వరుస 30 మీటర్ల లోపే వస్తుంది. రెండు మూలలను నల్ల తెరలతో మూసేయండి. ఆ కుర్చీలు పోయినా ధ్వని కొంత మెరుగవుతుంది, గాలీ వెలుతురూ అదుపులో ఉంటాయి.

కూచిపూడి, సంగీత కచేరీ అయితే చివర వేసినా నడుస్తుంది, బొమ్మ చూపే ఎల్ఈడీ తెర పెట్టుకుంటే.

వేదిక కొలతలు?

40 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు, 4 అడుగుల ఎత్తు. నాటకానికి రెండు పక్కలా కనీసం 8 అడుగుల సైడ్ వింగ్ విడిగా. ఎత్తు అయిదు, ఆరు అడుగులు పెడితే ముందు వరుసలవారికి నటుల కాళ్ళు కనబడవు, నాట్యంలో అది తీరని లోపం. చదును నేల మీద 4 అడుగుల ఎత్తు కూడా వెనకవారికి చాలదు, అందుకే కుర్చీలు ఒకదాని వెనక ఒకటి కాకుండా అటూ ఇటూ జరిపి వేయాలి. ముందువారి రెండు తలల సందులోంచి చూడాలి. వరుసకు వరుసకు 90 సెంటీమీటర్లు.

గాల్లో తేలే అంచుకు కట్టుదిట్టమైన కమ్మీ ఉండాలి. 2024 డిసెంబరులో కొచ్చి స్టేడియంలో నాట్య కార్యక్రమానికి కట్టిన అతిథుల వేదిక అంచు నుంచి ఒక ప్రజాప్రతినిధి పడిపోయి తీవ్రంగా గాయపడ్డారు. పూలతో, రిబ్బన్లతో అలంకరించిన గొట్టం కమ్మీ కాదు. మనిషి ఆనుకుంటే నిలవాలి.

సిమెంటు నేల మీద నాట్యం చేయించవచ్చా?

వద్దు. మోకాళ్ళు పోతాయి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను కర్ర దూలాల మీద, దూలాల మధ్య 40 సెంటీమీటర్ల దూరంతో పరచండి. కింద ఖాళీ డప్పులా మోగి నట్టువాంగాన్ని మింగేస్తుంది, కాబట్టి దూలాల మధ్య పాత కార్పెట్ ముక్కలు కుక్కండి. పైన కార్పెట్ వేయకండి. గజ్జెల చప్పుడు పోతుంది, ముడత పడితే పాదం జారుతుంది.

బాడ్మింటన్ చెక్క నేల పాడవకుండా కచేరీ ఎలా చేయాలి?

గొడవలు ఎక్కువ వచ్చేది ఇక్కడే. వరుసగా చేయండి.

ముందు నేల ఊడ్చి, ఇసుక గింజ లేకుండా చూడాలి. ఒక్క గింజ ప్లైవుడ్ కింద పడితే నేల పొడవునా గీత. దాని మీద మందపాటి ఫెల్టు, ఆ పైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, జాయింట్లు టేపుతో. గోడ దగ్గర చెక్క నేలకు వదిలిన సందు మూసేయకండి. మన తేమకు చెక్క ఉబ్బుతుంది, జాగా లేకపోతే మధ్యలో పొంగుతుంది.

ట్రస్ (లైట్లు, బాక్సులు మోసే లోహపు చట్రం) కాళ్ళ కింద ఒక్కో కాలికీ కనీసం 30 × 30 సెంటీమీటర్ల ప్లైవుడ్ పలకలు రెండు. కుర్చీలు లాగొద్దు, ఎత్తి వేయాలి. కుర్చీల లోడు తెచ్చే ఆటో హాల్లోకి రాకూడదు.

ఇక మన అలవాట్లు. జ్యోతి ప్రజ్వలన కుందె కింద వెడల్పాటి ఇత్తడి పళ్ళెం, దాని కింద ప్లాస్టిక్ షీటు. నూనె చెక్కలోకి దిగితే మరక ఎన్నటికీ పోదు, ఆటగాడు జారి పడతాడు. కొబ్బరికాయ హాలు బయట కొట్టండి. నీళ్ళతో నడిచే ఎయిర్ కూలర్లు చెక్క నేల మీద పెట్టకండి, ఆ తేమకు పలకల అంచులు లేస్తాయి. రంగు కాగితాల తూటాలు పేల్చకండి. తడిస్తే ఆ రంగు నేలకు అంటుకుంటుంది.

వెయిట్‌లిఫ్టింగ్ పోటీ అయితే ఇంకా జాగ్రత్త. సిడ్నీ 2000లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పెరిగిన శ్రీకాకుళం జిల్లాలో ఈ పోటీలు తరచూ జరుగుతాయి. పోటీ వేదిక 4 × 4 మీటర్లు. దాన్ని నేరుగా చెక్క నేల మీద వేయకండి. 150 కిలోలు తల ఎత్తు నుంచి వదిలేస్తే ఆ దెబ్బ కింది దూలాల దాకా వెళుతుంది. సిమెంటు నేల ఉన్నచోటే వేయండి, కింద రబ్బరు తప్పనిసరి.

కప్పుకు లైట్లు, బాక్సులు వేలాడదీయవచ్చా?

కట్టిన ఇంజినీరు లిఖితపూర్వకంగా ఎక్కడ, ఎంత అని చెప్పనంతవరకూ వద్దు. మన ఇండోర్ హాళ్ళ కప్పుల్లో చాలావరకు గోళాల ముడులతో కలిపిన గొట్టాల స్పేస్ ఫ్రేము ఉంటుంది. ఆ గొట్టాలు పొడవు వెంట లాగడానికీ నొక్కడానికీ మాత్రమే పనికొస్తాయి. గొట్టం మధ్యలో తాడు కడితే వంగుతుంది. కట్టాలంటే ముడి దగ్గరే కట్టాలి, అదీ లెక్క ప్రకారం.

బరువు చూడండి. 6 × 4 మీటర్ల ఎల్ఈడీ గోడ చదరపు మీటరుకు 30 కిలోలు అనుకున్నా 720 కిలోలు. లైన్ అర్రే (ఒకదాని కింద ఒకటిగా వేలాడే బాక్సుల వరుస) బాక్సు ఒకటి 40 కిలోలైతే ఎనిమిదికి 320, రెండు వైపులా 640. చైన్ హాయిస్ట్ (గొలుసుతో బరువు లేపే యంత్రం) మొదలైనప్పుడూ ఆగినప్పుడూ ఆ బరువు క్షణం పాటు ఎక్కువవుతుంది.

1978 జనవరి 18న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ సివిక్ సెంటర్ స్పేస్ ఫ్రేము కప్పు మంచు బరువుకు తెల్లవారుజామున కూలిపోయింది. కొన్ని గంటల ముందే వేలమంది అక్కడ బాస్కెట్‌బాల్ చూసి వెళ్ళారు. నొక్కుడు పడే గొట్టాలకు సరైన ఊత లేకపోవడమే మూలం. మనకు మంచు లేదు, కానీ వేలాడదీసే బరువు కూడా మంచులాంటిదే, కప్పు లెక్కలో లేనిది.

మేం చెప్పేది: నేల మీద నాలుగు కాళ్ళ ట్రస్ టవర్లు నిలబెట్టండి. ఖర్చు కొంచెం ఎక్కువ, నిద్ర పడుతుంది.

తుపాను వచ్చే నెలల్లో కప్పు గురించి ఏం చూడాలి?

మన ఉత్సవాల కాలం అక్టోబరు, తుపాన్లదీ అదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి. తిత్లీ శ్రీకాకుళం తీరానే తాకింది.

గాలి ఒత్తిడి సూత్రం: 0.6 × వేగం × వేగం. సెకనుకు 50 మీటర్లకు (గంటకు 180 కిలోమీటర్లు) చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల బరువు. షీటు బరువు 5 కిలోలే. పై నుంచి పోయే గాలి కప్పును పీల్చి పైకి లేపుతుంది. ఆ సమయంలో గాలివైపు షట్టర్ ఊడిపోతే లోపలి గాలి కింద నుంచి తోస్తుంది, రెండూ కలుస్తాయి. చాలా కప్పులు పోయేది కప్పు బలహీనమై కాదు, తలుపు ముందు పోయి. కాబట్టి హెచ్చరిక వస్తే మొదట షట్టర్లకు అడ్డ కమ్మీలు బిగించండి. షీటు మేకుల వాషర్లు ఎండకు పగిలిపోతాయి, ఏటా వర్షాలకు ముందు మార్చండి.

పునరావాసానికి హాలు ఇచ్చేటప్పుడు 2005 కత్రినా సమయంలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ సూపర్‌డోమ్ గుర్తుంచుకోండి. వేలమంది తలదాచుకున్నారు, కప్పు పై పొర చీలి నీళ్ళు కారాయి, కరెంటు పోయాక జనరేటర్ కొన్ని దీపాలకే సరిపోయింది, గాలి ఆడలేదు. జనరేటర్ ఎత్తులో ఉండాలి, నీళ్ళ పంపులకు దాని నుంచే కరెంటు అందాలి. మరుగుదొడ్లు పనిచేయకపోతే కప్పు నిలిచినా హాలు పనికిరాదు.

వాన పడితే షీటు చప్పుడు?

ఆపలేం. రాక్‌ఊల్ ఉంటే తగ్గుతుంది, లేకపోతే జోరు వానలో నాటకం పది నిమిషాలు ఆపడమే మర్యాద.

ఒక ఆటకు అనువుగా మారిస్తే ఇంకో ఆటకు పనికిరాకుండా పోతుందా?

అమెరికాలోని హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ కథ వినండి. 1965లో తెరిచారు. లోపల పచ్చిక పెరగాలని కప్పంతా పారదర్శక పలకలు పెట్టారు. ఆ వెలుతురుకు బంతి కనబడక ఆటగాళ్ళు గాబరా పడ్డారు. పలకలకు రంగు పూశారు, పచ్చిక చచ్చిపోయింది. 1966లో కృత్రిమ పచ్చిక వేశారు. ప్రపంచానికి ఆ పచ్చిక పరిచయమైంది ఆ పొరపాటు వల్లే.

మన దగ్గర చిన్న రూపంలో ఇవే జరుగుతాయి. కచేరీకని తెల్ల గోడలు వేస్తే బాడ్మింటన్ షటిల్ కనబడదు. చల్లదనానికని పక్క నుంచి పెద్ద ఫ్యాన్లు వదిలితే షటిల్ పక్కకు పోతుంది. వాలీబాల్‌కు కప్పు కింద కనీసం 7 మీటర్ల ఖాళీ కావాలి, పెద్ద బాడ్మింటన్ టోర్నీలకు 12. మనం పలకలు వేలాడదీశాక ఎంత మిగిలిందో కొలవండి. కబడ్డీకి 13 × 10 మీటర్ల మ్యాట్ చాలు, దానికి ఏ హాలయినా అనువే. కబడ్డీకి చప్పుడు అడ్డమే కాదు.

లండన్‌లో 2000 కోసం కట్టిన మిలీనియం డోమ్ లోపలే తర్వాత ఓ2 అరీనా కట్టి 2007లో తెరిచారు. పైన గుడారం ముందే ఉండడంతో క్రేన్లు నిలబెట్టి కప్పు పెట్టడం కుదరలేదు. నేల మీద కప్పు కట్టి మొత్తంగా పైకి లేపారు. పాత కట్టడంలో కొత్త పని పెట్టేవారు ముందు దారిని లెక్కేసుకోవాలి, సామాను ఏ తలుపు గుండా వస్తుందో. మన హాళ్ళలో మూడు మీటర్ల సెట్టింగు రెండు మీటర్ల తలుపులో ఇరుక్కోవడం ప్రతి నాటక పోటీలో చూసే దృశ్యమే.

ఎంతమందిని రానివ్వాలి? తలుపులు చాలా?

కుర్చీలు ఎన్ని పడతాయో కాదు, తలుపులు ఎంతమందిని బయటకు పంపగలవో అదే సంఖ్య. బ్రిటన్ స్టేడియం భద్రతా మార్గదర్శకాల ప్రకారం చదును దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది పోగలరు. మన జాతీయ భవన నియమావళి సభా భవనాల తలుపులు 2 మీటర్లకు తగ్గకూడదంటుంది.

నాలుగు తలుపులు, ఒక్కోటి 2 మీటర్లు: నిమిషానికి 656 మంది, 2,500 మంది నాలుగు నిమిషాల లోపే బయటపడతారు. ఇప్పుడు నిజం చూద్దాం. ఒక తలుపు వేదిక వెనక పడింది. ఇంకొకటి ముఖ్య అతిథుల కోసం తాళం. మిగిలినవి రెండే, సమయం ఏడున్నర నిమిషాలు దాటింది. వాటిలో ఒకదాని ముందు ఐస్‌క్రీమ్ బండి.

గొలుసు తాళాలు ప్రదర్శన ఉన్నంతసేపూ తీసేసి ఉండాలి. టికెట్ లేనివారు వస్తారన్న భయం ఉంటే తలుపు దగ్గర మనిషిని పెట్టండి, తాళం కాదు. తలుపు బయటికి తెరుచుకోవాలి. నిలబడే జనం చదరపు మీటరుకు నలుగురు దాటితే మనిషి తన ఇష్టప్రకారం కదలలేడు, అయిదు దాటితే ప్రమాదమే. వేదిక ముందు యువత గుమిగూడేచోట నేల మీద సున్నంతో మీటరు గడులు గీసి పైనుంచి చూస్తే లెక్క సులువు.

కొలోసియంకు నేల మట్టంలో 80 ద్వారాలు ఉండేవి, 76కు అంకెలు చెక్కారు. టికెట్ మీద ద్వారం సంఖ్య వేయడం అప్పటి అలవాటే. మీ పాసుల మీద వేయండి.

ఎండాకాలం, ఏసీ లేదు. ఎంత వేడి?

మనిషికి 100 వాట్ల వేడి. 2,500 మందికి 250 కిలోవాట్లు, అంటే దాదాపు 71 టన్నుల ఏసీ పని. లైట్ల వేడి, కప్పు వేడి అదనం. ఏసీ లేని హాల్లో గోడల పైభాగం కిటికీలు, కింది కిటికీలు రెండూ తెరవాలి, అప్పుడే వేడిగాలి పైనుంచి పోయి చల్లటిది కింద నుంచి వస్తుంది. పై కిటికీలు ఒక్కటే తెరిస్తే లాభం లేదు. మేకప్‌లో, కిరీటంతో ఉన్న నటుడికి నీళ్ళు, ఉప్పు, ఫ్యాను గ్రీన్ రూమ్‌లో ముందే సిద్ధం చేయండి.

కరెంటు?

శబ్దానికి, లైట్లకు వేరు ఫేజులు చాలవు, కుదిరితే వేరు జనరేటర్లు. లైట్ల డిమ్మర్ల వల్ల బాక్సుల్లో ‘జుం’ అని రావడం రెండూ ఒకే కరెంటు పంచుకోవడం వల్లే. మిక్సర్, ఆంప్లిఫయర్, వేదిక మీది కీబోర్డు ఒకే ఎర్తుకు కలవాలి. రెండు ఎర్తులుంటే మళ్ళీ హమ్మింగ్. ఎల్ఈడీ గోడకు చదరపు మీటరుకు 500 నుంచి 700 వాట్లు, 24 చదరపు మీటర్లకు 17 కిలోవాట్ల దాకా లెక్కేయండి. న్యూట్రల్ తీగ సన్నగా ఉంటే అదే ముందు కాలుతుంది, ఫేజు తీగంత మందం ఉండాలి. ఎల్ఈడీలో బొమ్మ కొద్దిగా ఆలస్యంగా వస్తుంది, పెదవులు మాటకు కలవకపోతే దోషం నటుడిది కాదు.

రాత్రంతా ఆడవచ్చా? పద్యనాటకం తెల్లవార్లూ సాగుతుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశంలో మైకు నిషేధం. ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజుల దాకా అర్ధరాత్రి వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలించవచ్చు. ఆడిటోరియం లాంటి మూసిన ప్రాంగణాల్లో లోపలివారి కోసం వాడే మైకుకు మినహాయింపు ఉంది, కానీ పక్కలు తెరిచిన షీటు హాలు మూసినట్టు లెక్కకు రాదు. శబ్దం వీధిలోకి పోతే ఫిర్యాదు వస్తుంది. బయటి బాక్సులు పదికి కట్టేసి లోపలివి తగ్గించి నడపండి.

విరామంలో మరుగుదొడ్ల వరుస తగ్గాలంటే?

క్రీడల్లో జనం విడివిడిగా వెళతారు. నాటకంలో విరామం 15 నిమిషాలు, అందరూ ఒకేసారి లేస్తారు. ఆడవాళ్ళ గదులు మగవాళ్ళవాటికి రెట్టింపు ఉండాలి, లేనిచోట మగవాళ్ళ గదుల్లో ఒక వరుసను ఆ రాత్రికి ఆడవాళ్ళకిచ్చి బోర్డు పెట్టండి. విరామం 20 నిమిషాలు చేయండి, పదిహేనని ప్రకటించండి.

ప్రదర్శన అయ్యాక ఏ వరుసలో విప్పాలి?

ముందు జనం పూర్తిగా బయటికి, తర్వాతే తీగలు. మొదట కరెంటు మెయిన్ కట్టేసి, ఎల్ఈడీ గోడ, లైట్లు, బాక్సులు, ట్రస్ అడ్డ కమ్మీలు, చివర కాళ్ళు. ట్రస్‌ను వాలుకు పట్టే తాళ్ళు చివరి వరకు విప్పకండి. చాలా ప్రమాదాలు కట్టేటప్పుడు కాదు, తెల్లవారుజామున అలసిపోయి విప్పేటప్పుడే జరుగుతాయి. వేదిక పలకలు తీశాక ప్లైవుడ్ ఎత్తి, ఫెల్టు చుట్టి, పొడి గుడ్డతో నేల తుడిచి, ఫోటోలు తీసి హాలు వారికి అప్పగించండి. డిపాజిట్ తగాదాల్లో ఆ ఫోటోలే సాక్షి. హాలు తీసుకున్న రోజు తీసినవి కూడా దగ్గరుంచుకోండి.